పాత చీరతో గుడ్డబొమ్మ: తల వాలకుండా, ఉండలు కట్టకుండా

బొమ్మ ఒంటికి పాత నూలుచీరను మించిన గుడ్డ లేదు. ఎన్నోసార్లు ఉతికింది కాబట్టి ఇక కుంచించుకుపోదు. ముదురు రంగుదైతే మాత్రం తడిపి తెల్లగుడ్డతో రుద్ది, రంగు దిగుతుందేమో చూడండి. చీరంతా ఒకేలా అరగదు. పాదాలకు ఒరుసుకునే కింది అంచు, భుజం మీద పిన్ను గుచ్చే చోటు ముందు బలహీనపడతాయి. ముక్కను వెలుతురుకి పట్టి చూసి, రెండు చేతులా గట్టిగా లాగండి. పోగుల మధ్య సందులు కనిపించినా, చిరిగినా దాన్ని లోపల కూరడానికి పక్కన పెట్టండి. పాత పట్టు ఒంటికి పనికిరాదు, మడతల వెంబడి పిగిలిపోతుంది. గుడ్డ మరీ పలచనైతే కాస్త గంజి పెట్టి ఇస్త్రీ చేయండి, కత్తెర కింద జారదు.

సుమారు 35 సెం.మీ. బొమ్మకి 50 × 40 సెం.మీ. ముక్క చాలు. మంచివైపు లోపలికి వచ్చేలా 25 × 40కి మడవండి. పాత శుభలేఖ అట్ట మీద మూడు ఆకారాలు గీసుకోండి. మొదటిది తల, మెడ, ఒళ్లు కలిపి: తల 9 పొడవు, 8 వెడల్పు, మెడ పొడవు 1.5, ఒళ్లు 10.5 పొడవు, 10 వెడల్పు. రెండోది చేయి, 12 × 4. మూడోది కాలు, 14 × 4.5. మెడ వెడల్పు 4 సెం.మీ.కి తగ్గకూడదు. సన్నటి మెడ అట్ట మీద ముచ్చటగానే ఉంటుంది, కూరాక తల వేలాడిపోతుంది.

అట్టల్ని గుడ్డ పోగు వెంబడి నిలువుగా పెట్టి గీయండి. ఐమూలగా పెడితే కూరేటప్పుడు సాగి ఒక కాలు పొడవు, ఒక కాలు పొట్టి అవుతుంది. చేయీ కాలూ రెండేసి సార్లు గీసి, ముందు గీత మీద కుట్టేసి తర్వాతే కత్తిరించండి. చిన్న ముక్కలు కదలకుండా ఉండటానికి ఇదే సులువు. కుట్టు బయట 1 సెం.మీ. వదలండి, పాత గుడ్డకి పోగులు ఊడతాయి, అర సెంటీమీటరు చాలదు. ఒంటి కింది అంచు, చేతుల, కాళ్ల పైఅంచులు తెరిచే ఉంచాలి. మిషను మీదైతే కుట్టు నిడివి 2 మి.మీ., చేత్తోనైతే వెనక్కుట్టు (ప్రతి కుట్టుకీ సూదిని కాస్త వెనక్కి గుచ్చి, ముందుకు తీసేది). మెడ దగ్గర రెండుసార్లు కుట్టి, వంపుల్లో కుట్టుకి 2 మి.మీ. దూరం వరకు కత్తెరగాట్లు పెట్టండి. గాట్లు లేకుండా మంచివైపు బయటికి తిరగేస్తే మెడ ముడతలు పడుతుంది.

అసలు పనితనం కూరడంలోనే తెలుస్తుంది. పాత బనియన్లు, టీషర్టుల్ని బొటనవేలి గోరంత ముక్కలు చేయండి. అంతకన్నా పెద్దవైతే ఉండలు కట్టి బయటికి కనిపిస్తాయి. బొత్తాలు, జిప్పులు, దళసరి కుట్లు ముందే తీసేయాలి. పెన్సిల్ మొండి కొనతో చిటికెడు చిటికెడుగా తోయండి, పిడికెడు ఒకేసారి వేస్తే మూలలు ఖాళీగా ఉండిపోతాయి. తల మూడొంతులు నిండాక పాత జీన్సు ముక్కను 2 సెం.మీ. లావు, 10 సెం.మీ. పొడవుగా గట్టిగా చుట్టి, దారం కట్టి, సగం తలలోకి, సగం ఛాతీలోకి వచ్చేలా మెడలోంచి దించండి. చుట్టూ ఇంకా కూరండి. ఒళ్లు పట్టుకుని ఊపి చూడండి. తల ఊగితే ఇంకా చోటున్నట్టే. బరువు కోసం బియ్యం, పప్పులు వేయకండి, పురుగు పడుతుంది.

కాళ్లు, చేతుల్లో పైన 2 సెం.మీ. ఖాళీ వదిలితే ఊగుతాయి, బొమ్మ కూర్చుంటుంది. ఒంటి కింది అంచు 1 సెం.మీ. లోపలికి మడిచి, కాళ్లు దూర్చి, అన్ని పొరలూ కలిపి లావు సూదితో వెనక్కుట్టు వేయండి. చేతుల్ని భుజాలకు రెండు పేటల దారంతో, రెండు చుట్లు కుట్టండి.

కళ్లు తల నడిమికి కాస్త కింద కుడితే పసిముఖం వస్తుంది. కూరిన తర్వాతే గుర్తులు పెట్టుకోండి, ముందే పెడితే గుడ్డ సాగి పక్కకి జరుగుతాయి. దారం ముడి తల వెనకనుంచి మొదలుపెడితే జుట్టు కింద దాగిపోతుంది. మూడేళ్లలోపు పిల్లలకైతే బొత్తాల కళ్లు వద్దే వద్దు. జుట్టుకి నల్ల టీషర్టును అడ్డంగా 1 సెం.మీ. పట్టీలు కోసి లాగండి. అంచులు వాటంతట అవే చుట్టుకుని తాడులా అవుతాయి, జడకి బాగుంటాయి. పావడాకి 50 × 14 సెం.మీ. ముక్కను, చీర అంచు కిందికి వచ్చేలా తీస్తే మడిచి కుట్టే పని తప్పుతుంది.

గుడ్డముక్కలతో కూరిన బొమ్మను చేత్తో ఉతికి, పిండి, ఎండలో తిప్పుతూ ఆరేయవచ్చు. బూరుగుదూది కూరితే తేలిగ్గా ఉంటుంది గానీ నీళ్లు తగిలితే గడ్డకడుతుంది. వానాకాలంలో ఉతకడం మానేయండి, లోపల చెమ్మ నిలిచి ముక్కిన వాసన వస్తుంది.