ఆర్వీలో తిరిగేవాళ్లు కుక్కర్ మర్చిపోకండి

రిటైరయ్యాక అక్టోబరులో అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లి, ఆర్వీ (వంటిల్లు, పడకలు ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని తిరుగుదామనుకునే మన విజయవాడ, గుంటూరు దంపతులకు ఒక మాట. అమ్మాయి ఇంట్లో ఉన్న ప్రెషర్ కుక్కర్ వెంట పట్టుకెళ్లండి. యూటా రాష్ట్రంలోని బ్రైస్ కెన్యాన్ జాతీయ పార్కులో కొండ అంచు 2,400 మీటర్ల పైమాటే. అంత ఎత్తులో నీళ్లు దాదాపు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తబడటానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. కుక్కర్లో అయితే ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ రానిస్తే చాలు, ముద్దపప్పు మెత్తగా వస్తుంది.

ఇంకోటి, చలి. పొద్దున లాస్ వేగాస్ ఎడారిలో చెమటలు పట్టినవాళ్లకి ఇది తట్టదు గానీ, అక్టోబరు రాత్రిళ్లు బ్రైస్ దగ్గర సున్నా కిందికి దిగడం మామూలే. పడుకునే ముందు బండిలో నీళ్ల ట్యాంకు నింపుకుని, బయటి కొళాయికి తగిలించిన పైపు ఊడదీసి, నీళ్లన్నీ వంపేసి లోపల పెట్టేయండి. లేదంటే పైపులో నీళ్లు గడ్డకట్టి, తెల్లారి కాఫీకి కూడా చుక్క రాదు. పైగా పైపు పగలొచ్చు.

కొండ దిగేటప్పుడు మాత్రం బ్రేకు అదేపనిగా తొక్కకండి, వేడెక్కి పట్టు తప్పుతుంది. దిగుడు మొదలవకముందే తక్కువ గేరులోకి మార్చుకోండి.