ఖాళీ హాల్లో బొమ్మల పాఠాలు - 4: తలల మధ్య తెలుపు

సినిమా హాల్లో పనిచేసే మనలాంటివాళ్ల కోసమే ఈ పాఠాలు. పోయిన మూడింటిలో బుకింగ్ గదిలో కళ్లెదుట ఉన్నవే గీశాం: టికెట్ బుక్కు, టార్చి, తాళాల గుత్తి. ఈసారి హాల్లోకి వెళ్దాం. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. మెత్తగా, నల్లగా గీసే 6బి పెన్సిలు ఒకటి, అరచేతిలో ఇమిడే తెల్లకాగితాల పుస్తకం ఒకటి, సరిగ్గా ఆడని సినిమా ఒకటి చాలు. మూడోదానికి మన దగ్గర ఎప్పుడూ కొరత లేదు.

ముందు టైము సంగతి తేల్చుకుందాం. మ్యాట్నీకి 30 మంది కూడా లేనప్పుడు రోజంతా ఖాళీయే కదా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. చేరిన కొత్తలో బుకింగ్ కిటికీ దగ్గరే పెద్ద డ్రాయింగ్ షీటు పరుచుకుని కూర్చున్నాను. ఒక మడతకు నీడ వేస్తుంటే ఎవరో కిటికీ గట్టు మీద నాణెంతో టకటకమని కొట్టారు. తల సగమే ఎత్తి, ఆయనిచ్చిన 100 నోటును 500 అనుకుని చిల్లరిచ్చేశాను. రాత్రి లెక్క చూస్తే 400 తక్కువ. జీతంలో కోశారు, తప్పు నాదే కాబట్టి నోరెత్తలేదు. ఆ రోజు నుంచి కిటికీ తెరిచి ఉన్నంతసేపూ నా పెన్సిలు జేబులోంచి బయటికి రాదు. మీరూ అలాగే చేయండి.

మరి ఎప్పుడు గీయాలి? మా ఆపరేటర్ బాబాయ్ రీళ్ల కాలం మనిషి. 2000 అడుగుల రీలు సుమారు 22 నిమిషాలు ఆడేది. ఒక మెషీన్ మీద రీలు అయ్యేలోపు రెండో మెషీన్ సిద్ధంగా ఉండాలి. ఆ మధ్యలో ఆయన పాత గొడుగులు బాగుచేసేవాడు. "రీలుకో ఊచ కట్టేవాణ్ణిరా" అంటాడు ఇప్పటికీ. ఇప్పుడు అంతా డిజిటల్, సర్వర్‌లో ప్లేలిస్ట్ పెట్టేస్తే ఆటంతా అదే నడుస్తుంది. కానీ ఆ కొలత మాత్రం నేను వదల్లేదు. నా పని రీళ్లలోనే లెక్కేసుకుంటాను.

రెండున్నర గంటల సినిమా అనుకోండి. మొదటి రీలు ఆలస్యంగా వచ్చేవాళ్లది: టార్చి పట్టుకుని సీటు చూపించాలి. ఇంటర్వెల్‌కు ముందు పది నిమిషాలు క్యాంటీన్‌వి: సమోసాల ట్రే బయటికి రావాలి. ఈ రెంటి మధ్య రెండు రీళ్ల కాలం మిగులుతుంది. అందులో ఒకటి ఫ్యాన్లకూ, బాత్రూముల దగ్గర నీళ్లు చూసుకోవడానికీ పోతుంది. మనకు మిగిలేది ఒక్క రీలు. ఇంటర్వెల్ తర్వాత డీసీఆర్ (రోజువారీ వసూళ్ల లెక్క) రాయాలి, డబ్బు కట్టలు కట్టాలి కాబట్టి అప్పుడు గీయను. రెండో ఆటకు అసలు పుస్తకమే తెరవను, నిద్ర కళ్లతో గీసినవన్నీ పొద్దున్నే చింపేయాల్సి వచ్చింది.

ఒక్క రీలేనా అని దిగులు పడకండి. ఈ పాఠానికి అది ఎక్కువే.

బయటి వెలుతురులోంచి నేరుగా వచ్చి గీయబోతే ఏమీ కనబడదు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నిమిషాల పైనే పడుతుంది. సీట్లు చూపిస్తూ హాల్లోనే తిరిగాం కాబట్టి ఆ పని అప్పటికే అయిపోయి ఉంటుంది, మధ్యలో వరండాలోకి వెళ్లి ఫోను చూసుకోకపోతే. నేల టికెట్టు చివరి వరసలో కూర్చోండి. నిలబడితే జనం తలలు ముందు సీట్ల నలుపులో కలిసిపోతాయి. కూర్చుని, సీట్లో ఇంకాస్త కిందికి జారితే ఆ తలలు ఒక్కొక్కటే తెర మీదికి ఎక్కుతాయి. మనకు కావలసింది అదే.

కాగితం మీద 12 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టె గీయండి. స్కోప్ తెర, అంటే బాగా వెడల్పాటి సినిమా తెర, దాని కొలత దాదాపు అదే, ఎత్తుకు 2.4 రెట్లు వెడల్పు. దీన్ని ఇంట్లోనే స్కేలుతో పది పేజీల్లో గీసి తెచ్చుకుంటే మంచిది.

ఇప్పుడు అసలు కిటుకు. తలను గీయకండి. తల అనగానే చెయ్యి దానంతటదే గుండ్రంగా తిరిగి, కోడిగుడ్డు గీసేస్తుంది. రెండు తలల మధ్య తెర ముక్క ఒకటి తెల్లగా కనిపిస్తుంది చూడండి, దాని ఆకారం గీయండి. ఒకచోట అది గరాటులా ఉంటుంది. పక్కన ఆవిడ కొప్పు ఉంటే గరాటు అంచు లోపలికి సొట్టపడుతుంది. ఎవరో భుజాన పడుకోబెట్టుకున్న పిల్లాడి కాలు ఆ తెలుపులోకి కొక్కెంలా పొడుచుకొస్తుంది. అది కాలు అని మర్చిపోండి. తెలుపు ఎక్కడ ఆగింది, అంతే చూడండి. తెల్ల ముక్కలన్నీ అయ్యాక మిగిలినదంతా పెన్సిలు పడుకోబెట్టి నల్లగా రుద్దేయండి. అప్పుడు తలలు వాటంతట అవే బయటికి వస్తాయి. మొదటిసారి నాకు ఇలా వచ్చినప్పుడు, కొప్పు పక్కన నేను గమనించనే లేని మల్లెపూల తోక కూడా ఆ నలుపులో కనబడి, పెన్సిలు కింద పెట్టి కాసేపు చూస్తూ ఉండిపోయాను.

రాత్రి సీన్లలో తెర చీకటైపోతే గీతలు ఆగిపోతాయి. ఇక్కడే మనకు బయటి చిత్రకారులకు లేని లాభం ఒకటుంది. ఆ సినిమా మనం ఇరవైసార్లు చూశాం. రెండో పాట ఎన్నో నిమిషంలో వస్తుందో, అందులో ఎండ ఎంతసేపు ఉంటుందో నోటికొచ్చు. పుస్తకం మొదటి పేజీలో తెల్లటి సీన్ల పట్టిక రాసుకోండి: ఇన్నో నిమిషం, ఇన్ని నిమిషాలు, పొలం, పెళ్లి పందిరి, ఇలాగ. సినిమా మారితే పట్టిక కూడా మారుతుంది. సూపర్ హిట్ అయితే ఈ పాఠం మూలన పడేయాల్సిందే, అప్పుడు కూర్చోవడానికి మనకే సీటుండదు.

ఒక హెచ్చరిక. "ఫోటో తీసుకుని ఇంట్లో తీరిగ్గా గీస్తే పోలా" అని హాల్లో ఫోను ఎత్తకండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక హాల్లో తెరను రికార్డు చేస్తే కనీసం 3 నెలల జైలు, 3 లక్షల జరిమానా. మనం తీసింది తలల ఫోటోయే అని అక్కడ ఎవరికి చెప్పుకుంటాం? పైగా ఆ పని జరక్కుండా చూడాల్సినవాళ్లం మనమే. గీతకు వెలుతురు కావాలని టార్చి కూడా వేయొద్దు, డబ్బిచ్చి కూర్చున్నవాళ్లు వాళ్లు.

ఎవరైనా పిలిస్తే గీత ఎక్కడుంటే అక్కడే వదిలేసి లేవండి. సగంలో ఆగినా ఈ బొమ్మ చెడదు, తిరిగొచ్చేసరికి తలలు ఎలాగూ కదిలిపోయి ఉంటాయి, కొత్త పెట్టెలో మొదలుపెట్టడమే.

ఈ వారం పని: రోజుకు రెండు పెట్టెలు, ఒక్కోటి 5 నిమిషాలు. శుక్రవారం కొత్త సినిమా పడేలోపు పది పూర్తవ్వాలి. పూర్తయినవి తలకిందులుగా తిప్పి చూడండి. ఎక్కడ కోడిగుడ్డు కనబడితే అక్కడ చిన్న గుర్తు పెట్టి ఉంచండి, వచ్చే పాఠంలో వాటినే సరిచేద్దాం. 5వ పాఠం క్యాంటీన్ కౌంటర్ దగ్గర: ఇంటర్వెల్ పది నిమిషాల్లో కదిలే చేతులు.