తిరుపతి నుంచి శ్రీవారి మెట్టు దాకా సైకిల్‌పై

హైవే జోలికి పోకండి. అలిపిరి నుంచి జూపార్క్ రోడ్డు పట్టుకుని చెర్లోపల్లి మీదుగా శ్రీనివాసమంగాపురం వెళ్లండి. తిరుపతి ఊళ్లోంచి అక్కడికి సుమారు 12 కిలోమీటర్లు. కుడిచేతి వైపు శేషాచలం కొండలు మీతోనే వస్తాయి. కళ్యాణ వేంకటేశ్వరుడికి దండం పెట్టుకుని, శ్రీవారి మెట్టు రోడ్డెక్కండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క అదే. చెట్ల నీడ, పక్షుల అరుపులు.

బాగా తెల్లారాకే బయల్దేరండి. ఈ కొండవార రోడ్లలో చిరుతలు తిరుగుతాయి. చీకట్లో ఒంటరిగా అసలు వద్దు. తిరిగొచ్చేటప్పుడు ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది కాబట్టి ముందుకు అంచున్న టోపీ తప్పనిసరి.

రోడ్డు అంచున కంపముళ్లు ఉంటాయి, తారు మీదే తొక్కండి. ఒకసారి పంచరై ట్యూబు మార్చాను, పది నిమిషాల్లో మళ్లీ గాలి పోయింది. పాత ముల్లు టైరులోనే ఉండిపోయింది! అప్పట్నుంచి కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడిమి చూస్తున్నాను. మీరూ చూడండి.

ఓపికుంటే వచ్చే దారిలో తొండవాడ దగ్గర ఆగండి. స్వర్ణముఖి ఒడ్డున అగస్త్యేశ్వరాలయం ఉంది. శనాదివారాల్లో మాత్రం ఏడున్నరకల్లా వెనక్కి తిరగండి, ఆ తర్వాత కార్లు మొదలవుతాయి.