కోయి చేపలు, ఇల్లు మారడం, మేత గొడవ

కరీంనగర్ నుంచి హనుమకొండకు ఇల్లు మారుతూ మొదటి ట్రిప్పులో రెండు కోయి చేపలను తెచ్చాం, దారిలో ఆకలేస్తుందని అమ్మ బయల్దేరే ముందు గుప్పెడు మేత వేసింది, హుజూరాబాద్ దాటేసరికి కవరులో నీళ్లు మసకబారి పైన నురగ, చేపలేమో నోళ్లు తెరుచుకుని పైకొచ్చేశాయి. ఎట్లనో బతికాయి. తిన్నది అరిగితే చేపలకు విషమైన అమ్మోనియా వస్తుంది, కట్టేసిన కవరులో అదెక్కడికి పోతుంది?

మిగతా మూడింటికి రెండు రోజులు మేత బంద్ పెట్టి తెచ్చా. నీళ్లు తేటగానే ఉన్నాయి. కొత్త తొట్టిలో క్లోరిన్ పోగొట్టిన నీళ్లు, కడగని పాత ఫిల్టర్ స్పాంజి (అమ్మోనియాను తగ్గించే మంచి బ్యాక్టీరియా ఎక్కువగా అందులోనే ఉంటుంది). మర్నాడు కూడా మేత లేదు, అమ్మ అలిగింది. ఆ తర్వాత నాలుగైదు గింజలే, మిగిలితే వలతో తీసేశా.