ఓడిన టెండర్ ఫైల్ పక్కన పడేయకండి

టెండర్లకి బిడ్లు రాసే టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఒక మాట. ఈ పనిలో ఏళ్ల తరబడి నిలబడేది ఇంగ్లీషు బాగా రాసేవాళ్లు కాదు, పోయిన ప్రతి టెండరూ ఎందుకు పోయిందో లెక్క రాసి పెట్టుకునేవాళ్లు.

రిజల్ట్ రాగానే ఒక ఎక్సెల్ షీట్‌లో నాలుగు ముక్కలు రాయండి: ఎల్1 (అందరికన్నా తక్కువ ధర కోట్ చేసినవాళ్లు) ఎవరు, ఎంతకి కోట్ చేశారు, మనం ఎక్కడ ఆగాం, ప్రీ-బిడ్ మీటింగ్‌లో (బిడ్ వేయకముందు సందేహాలు అడిగే సమావేశం) అడగాల్సిన ప్రశ్న ఏది అడగలేదు. కేంద్ర ప్రభుత్వ టెండర్లయితే ఈ వివరాలు చాలావరకు ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లోనే కనిపిస్తాయి, మనవాళ్లే చూడరు. ధర దాకా పోకుండా టెక్నికల్ (అర్హతల) పరిశీలనలోనే తీసేస్తే ఊరుకోకండి, కారణం రాతపూర్వకంగా అడగండి. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు, అంటే జీఎఫ్ఆర్ 2017లో రూల్ 173 ప్రకారం బిడ్డర్ అడిగితే తిరస్కరణకి కారణం చెప్పి తీరాలి. అడగడానికి మొహమాటం దేనికండీ?

మాకొకసారి నెల రోజులు కష్టపడి రాసిన బిడ్ సీఏ ఇచ్చిన టర్నోవర్ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ (సీఏ ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌కీ ఉండాల్సిన ప్రత్యేక గుర్తింపు నంబర్) లేదని చేజారిపోయింది, రాసిన రెండు వందల పేజీలు ఎవరూ తిప్పి కూడా చూడలేదు. ఆ రోజు నుంచీ నా చెక్‌లిస్ట్‌లో మొదటి లైన్ అదే, ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) రెండోది, కారిజెండం (టెండర్‌కి తర్వాత వచ్చే సవరణ) మళ్లీ ఒకసారి చూశామా అన్నది మూడోది.

ఇంకొకటి, ఆఖరి రోజు సాయంత్రం అప్‌లోడ్ పెట్టుకోవద్దు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకం కోసం కంప్యూటర్‌కి పెట్టే యూఎస్‌బీ) సరిగ్గా అప్పుడే మొరాయిస్తుంది. ముందురోజే ఎక్కించేసి ఇంటికెళ్లి పడుకోండి.