పండక్కి పాత పెయింట్ గీకించే ముందు ఒక్కసారి గడప చూడండి

సంక్రాంతికి పిల్లలొస్తారని డిసెంబర్ నుంచే ఇళ్లకు రంగులు మొదలవుతాయి కదా, ఈసారి మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చే ముందు మీ వీధి గడప దగ్గర ఓ నిమిషం కూర్చోండి. రోజూ పసుపు రాసే ఓపిక లేక పసుపు రంగు ఎనామెల్ వేయించి, దాని మీద ఎర్ర బొట్లు పెట్టించి ఉంటారు. ప్రతి పండక్కీ ఓ పూత. మా అమ్మమ్మ వాళ్లింట్లో గడప మూల పెచ్చు లేస్తే చూశాను, ఉల్లిపాయ పొరల్లా తొమ్మిదో పదో ఉన్నాయి.

ఆ పసుపు, నారింజ, ఎరుపు రంగులు అంత గాఢంగా ఉండటానికి ఆయిల్ పెయింట్లలో లెడ్ క్రోమేట్ బాగా వాడేవారు. అంటే సీసం, ఒంట్లోకి వెళ్తే విషం. ఇళ్లకు వేసే పెయింట్‌లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదని మన దేశంలో 2016లో రూల్ వచ్చింది, 2017 నవంబర్ 1 నుంచి అమలైంది. కాబట్టి అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింట్ ఏదైనా సరే, టెస్టు చేయించే వీల్లేకపోతే సీసం ఉందనే అనుకుని పని చేయడం మంచిది. సున్నం కొట్టిన గోడల గురించి ఈ టెన్షన్ అక్కర్లేదు. చూసుకోవాల్సింది తలుపులు, కిటికీలు, గ్రిల్స్, గేటు, అటక మీద పడున్న పాత ఉయ్యాల. పాత గేట్లకైతే అడుగున నారింజ ఎరుపులో ఉండే ప్రైమర్‌లో కూడా సీసం ఉండొచ్చు.

ఇక్కడ చాలామంది పొరపడేది ఏంటంటే, పాత పెయింట్ అనగానే మొత్తం పీకించేయాలనుకుంటారు. వద్దు. గట్టిగా అంటుకుని ఉన్న పెయింట్ దాని మానాన అది ఉంటుంది, దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది పొడి చేసినప్పుడే అసలు గొడవ. సబ్బునీళ్లతో కడిగి, తడిగానే కాస్త గరుకు చేసి, ఆరాక ప్రైమర్, దాని మీద కొత్త పెయింట్ వేస్తే చాలు. రాపిడి ఉన్నచోట మాత్రం పైపూత నిలవదు, తలుపు అంచులు, కిటికీ రెక్క ఫ్రేముకు తగిలే చోటు, అందరూ తొక్కే గడప. గడపకైతే మా ఇంట్లో ఇత్తడి రేకు కొట్టించాం, అమ్మ పసుపు ఆ రేకు మీదే రాస్తోంది.

గీకక తప్పదంటే తడిపి గీకించండి. స్ప్రే సీసాలో నీళ్లు, ఓ చుక్క సబ్బు, కొంచెం కొంచెంగా తడుపుతూ బ్లేడుతో తీయాలి (స్విచ్ బోర్డుల దగ్గర మాత్రం నీళ్లు కొట్టకండి). గ్రైండర్ మెషిన్, మంటతో పెయింట్ కాల్చి తీసే బ్లో ల్యాంప్ రెండూ గేటు బయటే ఆపేయండి, మొదటిది దుమ్మును ఇల్లంతా చల్లుతుంది, రెండోది సీసాన్ని పొగ చేసి ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. మా మేస్త్రీ బాబాయ్‌కి ఈ మాట చెబితే "ముప్పై ఏళ్లుగా గీకుతున్నాను బాబూ, నాకేమైంది?" అన్నాడు, ముక్కుకి జేబురుమాలు కట్టుకుని. జేబురుమాలు ఆ సన్నపొడిని ఆపదు. మంచి ఫిల్టర్ మాస్క్ మీరే కొనివ్వండి, అది పని ఖర్చులో భాగం.

తలుపులు ఊడదీసి పెరట్లో చేయించగలిగితే అంతకంటే సుఖం లేదు, కాకపోతే నూతి మీద, నీళ్ల తొట్టి మీద మూతలేయండి. ఇంట్లోనే చేయాల్సి వస్తే గది ఖాళీ చేసి, ఫ్యాన్లు, ఏసీ ఆపి, పని జరిగే చోటు నుంచి ఆరడుగుల దాకా మందపాటి ప్లాస్టిక్ షీట్ పరవాలి, బయటైతే పది అడుగులు. చిన్నపిల్లలు, గర్భిణులు పని అయి, కడగడం పూర్తయ్యేదాకా వేరే ఇంట్లో ఉండాలి, పక్క గదిలో కాదు. పాకే పిల్లలు నేల మీద చెయ్యి పెట్టి అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు, పైగా మింగిన సీసాన్ని పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా వాళ్ల ఒళ్లు పట్టేస్తుంది. మెదడు మీద దెబ్బ. బయటికి లక్షణమే కనిపించకపోవచ్చు కూడా. ఇప్పటికే ఎండుగా గీకించేసి ఉంటే పిల్లల డాక్టర్‌ని అడిగి రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించండి.

పనయ్యాక చీపురు పట్టకండి. మామూలు వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, సన్నపొడిని వెనక నుంచి ఊదేస్తుంది. షీట్‌ని లోపలికి మడిచి సంచిలో కట్టేసి, నేలను తడిగుడ్డతో రెండు బకెట్ల పద్ధతిలో, ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో జాడించే నీళ్లు, కనీసం రెండుసార్లు తుడవాలి. ఆ నీళ్లు కూరపాదుల్లోకి పోయొద్దు.

భోగి సంగతి మర్చిపోయేలా ఉన్నాను, నిజానికి ఇదే ముందు చెప్పాలి. ఊడదీసిన పాత కిటికీలు, విరిగిన తలుపు చెక్కలు భోగిమంటకి దాచిపెడతాం. రంగేసిన చెక్క కాలిస్తే సీసం పొగలోకి, బూడిదలోకి వస్తుంది, చుట్టూ నిలబడేది పిల్లలే, కొన్ని ఇళ్లల్లో ఆ మంట మీదే తలంటు నీళ్లు కాస్తారు. రంగు లేని కట్టెలు, పిడకలు వేయండి చాలు.

అమెరికాలో ఉన్నవాళ్లు 1978కి ముందు కట్టిన ఇల్లు కొంటే లేదా అద్దెకు తీసుకుంటే, సీసం గురించి ఓనర్ తనకు తెలిసింది చెప్పాలి, అక్కడ ఈ పని చేసే కాంట్రాక్టర్‌కి ఈపీఏ (అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ) సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి.

తడిపి గీకితే పని ఒకటి రెండు రోజులు ఎక్కువే పడుతుంది, ఆ కూలి ముందే మాట్లాడుకోండి, లేకపోతే మీరు అటు వెళ్లగానే ఎండు ఉప్పుకాగితం బయటికొస్తుంది. సాయంత్రం మేస్త్రీ ఇంటికెళ్లే ముందు మీ పెరట్లోనే చేతులూ మొహం కడుక్కుని చొక్కా మార్చుకోనివ్వండి, ఆ చొక్కా మీద పొడితో వెళ్తే ఎదురొచ్చి ఎత్తుకోమనే మనవడు ఆయనకీ ఉన్నాడు.