స్పోర్టింగ్ జాతి కుక్కపిల్ల ఎంపిక – 3వ పాఠం: తల్లిదండ్రుల పరీక్ష పత్రాలు చదవడం

బ్రీడర్‌ను ఫోన్లో ఏమేం అడగాలో గత పాఠంలో చూశాం. ఈ పాఠంలోని పని పిల్లల్ని చూడటానికి వెళ్లకముందే ముగించండి. పిల్లను ఒళ్లోకి తీసుకున్నాక కాగితాల మీద చూపు నిలవదు.

"డాక్టర్‌కు చూపించాం, తల్లీ తండ్రీ రెండూ బాగున్నాయి" అన్న మాట చాలదు. మామూలు చెకప్‌లో తెలిసేది ఆనాటి ఆరోగ్యమే. పిల్లలకు దిగే లోపాల కోసం వేరే పరీక్షలున్నాయి.

అన్నిటికన్నా ముందు తుంటి కీళ్లు. కీలు వదులుగా ఏర్పడితే ఎముక ఒరుసుకుని కీళ్లవాతం వస్తుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ వంటి బరువైన జాతుల్లో ఈ బెడద ఎక్కువ. అమెరికాలోని ఓఎఫ్‌ఏ (కుక్కల వంశపారంపర్య లోపాల పరీక్షలకు గ్రేడ్లిచ్చే సంస్థ) ఎక్స్‌రే చూసి ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్ అని ఇచ్చేవి పాసైన గ్రేడ్లు. తుది గ్రేడ్ 24 నెలలు నిండాకే ఇస్తారు. అంతకుముందు తీయించింది 'ప్రిలిమినరీ' మాత్రమే, దాన్ని తుది పత్రంగా ఒప్పుకోకండి. బ్రిటన్ పద్ధతిలో ఒక్కో తుంటికి 0 నుంచి 53, రెండూ కలిపి 106 వరకు మార్కులు. ఎంత తక్కువైతే అంత మేలు. మోచేతులకు 0 నుంచి 3 వరకు గ్రేడ్లు, మనకు కావలసింది 0.

ఇక్కడొక చిక్కుంది. తుంటి లోపం వెనుక ఒక్క జన్యువు కాదు, చాలా ఉన్నాయి. తిండి, బరువు కూడా కలుస్తాయి. అందుకే మంచి గ్రేడున్న జంటకూ లోపమున్న పిల్ల పుట్టొచ్చు. తాతలవి, తల్లిదండ్రుల తోబుట్టువులవి కూడా అడిగి చూడండి. ఓపిగ్గా తీసి చూపించే బ్రీడర్‌ను వదులుకోకండి.

డీఎన్‌ఏ పరీక్షల లెక్క సులువు. లాబ్రడార్‌లో ఈఐసీ (గట్టిగా పరుగెత్తాక వెనక కాళ్లు పడిపోవడం), చాలా జాతుల్లో పీఆర్‌ఏ (చూపు క్రమంగా పోవడం) ఇలా బయటపడతాయి. ఫలితం క్లియర్ (లోపపు జన్యువు లేదు), క్యారియర్ (ఒక్క ప్రతి ఉంది, తనకు జబ్బు రాదు కానీ పిల్లలకు దిగొచ్చు), అఫెక్టెడ్ (రెండు ప్రతులూ లోపమున్నవే) అని వస్తుంది. క్యారియర్‌ను క్లియర్‌తో జతకట్టిస్తే ఏ పిల్లకూ ఆ జబ్బు రాదు, సగటున సగం పిల్లలు క్యారియర్లవుతాయి. ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి పిల్లకూ 25 శాతం ముప్పు. కాబట్టి క్యారియర్ అన్న ఒక్క మాటకే బెదిరి మంచి కుక్కను తోసిపుచ్చడం తప్పు.

డీఎన్‌ఏ పరీక్షలో దొరకని కంటి జబ్బులూ ఉన్నాయి కనుక నిపుణుడి కంటి పరీక్ష ఏటా జరగాలి. గోల్డెన్‌కు గుండె పరీక్ష కూడా అడగండి.

ప్రతి పత్రం మీది మైక్రోచిప్ నంబరు (సాధారణంగా 15 అంకెలు), రిజిస్టర్డ్ పేరు పెడిగ్రీతో (వంశావళి పత్రంతో) సరిపోవాలి. ఎక్కువగా మోసం జరిగేది ఇక్కడే: వేరే కుక్క పత్రం చూపిస్తారు. ఫొటోతో సరిపెట్టుకోక, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికే వీలుంటే మీరే నంబరు కొట్టి చూడండి.

అభ్యాసం: తల్లి ఈఐసీ క్యారియర్, తుంటి గ్రేడ్ గుడ్, కంటి పరీక్ష జరిగి 20 నెలలైంది. తండ్రి ఈఐసీ క్లియర్, తుంటి ఎక్సలెంట్, కానీ ఎక్స్‌రే 14 నెలల వయసులో తీసింది. అభ్యంతరాలెన్ని?

జవాబు: రెండు. తల్లి కంటి పత్రం పాతబడింది. తండ్రి గ్రేడ్ ప్రిలిమినరీ, తుది ఫలితం చేతికి రాకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఈఐసీ విషయంలో ఈ జంటకు దోషం లేదు.